ఆమె వెనక నిలబడితే

లాండ్రీ పైగదిలో భర్త కుర్చీ అలాగే ఉంది. ఆయన పోయాక వ్యాపారం ఆమె చేతికి వచ్చింది కానీ, ఆ కుర్చీలో కూర్చోవడం మాత్రం అలవాటు కాలేదు. గదిలో ఫోనూ, బీరువా, తనూ. ఫోను మోగితే ఒక పని, మోగకపోతే మోగుతుందేమోనని చూడటం ఒక పని. పొద్దున్నదాకా ఇంటి గోడలతో కాపురం చేసి వచ్చి, మళ్ళీ ఈ గోడలతో చెయ్యడమేమిటని ఆమె మెట్లు దిగి కింద హాల్లోకి వచ్చేది.

కింద మనుషులుండేవారు. ఒకవైపు ఉతికే మిషన్లు, మధ్యలో ఆరబెట్టే మిషన్లు, చివర పొడవాటి ఇస్త్రీ బల్ల. అన్నీ కలిసి చేసే హోరులో పక్కవాడు పిలిచినా వినపడదు. వినపడినా ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు. భర్త ఉన్నన్నాళ్ళూ ఆమె ఈ హాలు గడప తొక్కలేదు. అందుకని చేతులు కట్టుకుని ఎవరో ఒకరి వెనక నిలబడేది. కాసేపయ్యాక ఇంకొకరి వెనకకు జరిగేది. దుప్పటి మడత పెట్టే చేతుల ఒడుపు చూస్తూంటే పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు.

అలా ఉండగా ఊళ్ళో ఒక పెద్ద హోటల్‌కు ఉతికిన సరుకు ఆలస్యంగా చేరడం మొదలైంది. ముందు ఒక పూట ఆలస్యం, తర్వాత ఒక రోజు. ఉన్న పనిలో ముప్పాతిక ఆ హోటల్‌దే. చివరికి హోటల్ మేనేజరు ఫోన్ చేసి, "మీ ఆయన మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నాం అమ్మా. ఈ శుక్రవారం సరుకు టైముకి రాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం" అన్నాడు.

ఈ మాట తెలిసి మరిది వచ్చాడు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా వదినా. ఇది నీ వల్ల అయ్యేది కాదు. హోటల్ పోతే అమ్మేద్దాం. నువ్వు ఇంట్లో హాయిగా కూర్చో."

హాయిగా కూర్చోవడం అన్న మాటకే ఆమెకు ఇంటి గోడలు గుర్తొచ్చాయి. లాండ్రీ పోతే, పొద్దున్న లేచి వెళ్ళడానికి ఆమెకు చోటంటూ లేదు.

"శుక్రవారం దాకా ఆగు" అంది.

"సరే, అయితే ముందు మీటింగు పెట్టాలి. పైవాళ్ళు నోరు విప్పకపోతే కిందవాళ్ళు ఏం చేస్తారు?" అని, అందరినీ మెట్ల దగ్గరకు పిలిచి తనే నోరు విప్పాడు. మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. క్వాలిటీ కావాలి, స్పీడూ కావాలి, బాధ్యత అందరిదీ అన్నాడు. "ఏమైనా డౌట్లుంటే అడగండి" అని, ఎవరైనా అడిగేలోపే చేతి గడియారం చూసుకున్నాడు. అందరూ తలలూపారు.

"కుటుంబమంట. వాటా ఎప్పుడు పంచుతాడో అడగకపోయావా" అని ఉతికే మిషన్ల దగ్గరుండే తాత ఇస్త్రీ చేసే మనిషి చెవిలో అన్నాడు. ఆవిరిలోనే పుట్టి పెరిగినట్టుంటుందని ఆ ఇస్త్రీ మనిషిని అందరూ ఆవిరమ్మ అంటారు.

"ముందు నా డ్యూటీ దిగనియ్, తర్వాత అడుగుతా" అంది ఆవిరమ్మ.

మరిది వదినను చూసి, "చూశావా, అందరికీ అర్థమైంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె పొద్దుటి నుంచీ హాల్లోనే ఉంది. తన కళ్ళముందు పని వేగంగా సాగుతుందని ఆశ. సాగలేదు సరికదా, ఇంకా వెనకబడింది. గురువారం మధ్యాహ్నం ఆవిరమ్మ వెనక నిలబడి ఉండగా, ఆవిరమ్మ ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడే మడతపెట్టిన తెల్లటి దుప్పట్ల దొంతరను ఎత్తి మాసిన బట్టల బుట్టలో పడేసింది.

ఆమె చెయ్యి ఊపి మిషన్లు ఆపించింది. హాలు ఒక్కసారిగా మూగబోయింది.

"అవి ఉతికినవే కదా. బుట్టలో ఎందుకు వేశావు?"

"మీరు వెయ్యమన్నారుగా అమ్మగారూ."

"నేనెప్పుడన్నాను?"

"నిలబడ్డారుగా."

ఆమెకు అర్థం కాలేదు. తాత దగ్గరకు వచ్చి చెప్పాడు. "ఈ హోరులో పెద్దాయన గొంతు చించుకునేవాడు కాదమ్మా. పని నచ్చకపోతే వచ్చి వెనక నిలబడేవాడు. ఆయన నిలబడ్డాడంటే మళ్ళీ ఉతకాలని లెక్క. బుట్టలో పడేదాకా కదిలేవాడు కాదు."

"ఆయన ఎప్పుడో ఒకసారి నిలబడేవారు. మీరసలు కూర్చోరు కదా అమ్మగారూ" అంది ఆవిరమ్మ.

"మరి ఒక్కరైనా అడగలేదేం?"

"ఆయన్ని ఏనాడైనా అడిగామా, మిమ్మల్ని అడగడానికి? మా కంటికి ఆనని మరక మీ కంటికి ఆనుతోందనుకున్నాం. అమ్మగారి చూపు మహా పదునని ఇంట్లో కూడా చెప్పాను" అన్నాడు తాత.

ఆమె బుట్టలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఒక్కో దుప్పటి ఎన్ని మునకలు వేసిందో.

"నేను వెనక నిలబడితే మళ్ళీ ఉతకమని కాదు. ఉతకాలంటే మిషన్లు ఆపించి నోటితో చెప్తాను. చెప్పకపోతే సరుకు బాగున్నట్టే" అంది.

అందరూ తలలూపారు. ఆ ఊపు ఆమె మొన్ననే చూసింది. "ఇప్పుడు నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అంది ఆవిరమ్మతో.

"మీరు చెప్తేనే ఉతకాలి. నిలబడితే ఉతకక్కర్లేదు" అని ఒప్పజెప్పి, ఆవిరమ్మ ఆగింది. "మరి ఎందుకు నిలబడతారు?"

పని చూడటానికి అందామనుకుంది. యజమాని అన్నాక అనదగిన మాట అదే. కానీ అది అంటే రేపు పొద్దున్నే వీళ్ళ చేతులు మళ్ళీ బుట్ట వైపే వెళ్తాయి. వేరే దారి కనపడలేదు.

"పైన ఒక్కదాన్నే ఉండలేక" అంది.

ఎవరూ తల ఊపలేదు. తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆవిరమ్మ వంగి, బుట్టలో వేసిన దొంతరను తీసి బల్ల మీద పెట్టుకుంది.

"ఆ ముక్కేదో ముందే అంటే ఎన్ని దుప్పట్ల ప్రాణం నిలిచేదో" అంది మెల్లగా.

శుక్రవారం వ్యాను చెప్పిన వేళకన్నా ముందే హోటల్‌కు చేరింది. మేనేజరు ఫోన్ చేసి, ఇలాగే ఉంటే మాకేం ఇబ్బంది లేదన్నాడు. మరిది కూడా ఫోన్ చేశాడు. "నా మీటింగు ఎలా పనిచేసిందో చూశావా వదినా." ఆమె కాదనలేదు.

ఫోను పెట్టి కిందికి వచ్చేసరికి మిషన్లు ఆగి ఉన్నాయి. ఏ పనైనా ఒక్కసారే చేస్తే ఎంత తొందరగా అయిపోతుందో ఆమెకు అప్పుడే తెలిసింది. మొన్నటిదాకా దీపాలు పెట్టాక కూడా ఉండేవాళ్ళు, ఇవాళ ఎండ ఉండగానే చెప్పులు వేసుకుంటున్నారు.

"మా పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటా ఇవాళ. అది నమ్మదు, జ్వరమొచ్చిందా అంటుంది" అంది ఆవిరమ్మ. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. "మీరూ బయల్దేరండి అమ్మగారూ."

"ఆ, వెళ్తాలే. పిల్ల వచ్చేస్తుంది, నువ్వు పద."

వాళ్ళ మాటలు సందు చివరిదాకా వినపడి ఆగిపోయాయి. ఆమె ఇస్త్రీ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఇక ఆమె ఎంతసేపు నిలబడినా ఎవరూ ఆగరు. ఆ సంగతి తన నోటితోనే చెప్పింది, అందరికీ బాగా అర్థమైంది కూడా.

కాసేపటికి తాళంచెవుల కోసం పైకి వెళ్ళింది. కిటికీలోంచి ఎండ ఇంకా గది సగందాకా పరుచుకునే ఉంది.