తెగిన పోగు రెండో కొస

వరద వచ్చిన ఏడు ఒకటుంది. తుంగభద్ర మాధవరం ఇళ్ళ మీదుగా పారిన ఏడు. ఎమ్మిగనూరులో సంవత్సరాలను అంకెలతో చెప్పేవాళ్ళు చెబుతారు. పుల్లయ్య మాత్రం వరదకు ముందు, వరదకు తర్వాత అంటాడు. భార్య అంబమ్మ పోయింది వరదకు రెండేళ్ళ ముందు. అతను టీవీ వాళ్ళ కెమెరా ముందు కూర్చున్నది వరదకు నెల ముందు. దాన్ని కళ్ళతో చూసుకున్నది వరదకు పదహారేళ్ళ తర్వాత.

ఆ చూసుకున్న రోజు కూడా తెల్లవారి ఆరుకే మగ్గం గుంటలో కాళ్ళు దింపి కూర్చున్నాడు. సన్నని మనిషి. వీపు వంగిపోయింది గాని ముంజేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కుడి అరచేతిలో తాడు ఒరిసిన చోట చర్మం చెప్పుతోలులా బిరుసెక్కింది. కాలు నొక్కడం, తాడు లాగడం, పలక కొట్టడం. అడ్డపోగు లాగుతూ నాడె అటు పోయేది, ఇటు వచ్చేది. ఇంట్లో వేరే చప్పుడు లేదు.

పోగు తెగింది. చూడనక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. మగ్గం ఆపాడు. తెగిన పోగు ఒక కొస పోగులు దూరే అచ్చు వెనక్కి జారితే దాన్ని ఇంకొకరు పట్టుకోవాలి. అప్పుడే ముడి బిగువుగా పడుతుంది. అంబమ్మ ఉన్నన్నాళ్ళూ రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చి పట్టుకునేది. పిలవనక్కర్లేదు, మగ్గం ఆగితే వచ్చేది. ఆమె పోయినప్పటి నుంచి ఆ రెండో కొసను పుల్లయ్య పళ్ళతో పట్టుకుంటున్నాడు. ముందుపళ్ళు రెండూ ఊడిపోయాక పక్కపళ్ళతో.

పోగు పళ్ళ మధ్య ఉండగానే ఫోను మోగింది.

"తాతా, నేను మంజుని. ఆదోని నుంచి."

"ఊ."

"దొరికింది తాతా! మూతపడిన ఆ టీవీ పాతవన్నీ ఎవరో యూట్యూబులో పెట్టినారు. మీది కూడా ఉండాది. మా కృష్ణకుమారి పెద్దమ్మ మాత్రం సూడనంటాంది. పుల్లన్న వచ్చినాకనే అంటాంది."

పుల్లయ్య నోట్లో పోగు విడవలేదు.

"ఇంటాండావా? రేపు, ఎల్లుండి అనొద్దు తాతా. కర్నూలు డాక్టర్లు పెద్దమ్మను ఇంటికి తీసకపొమ్మని సెప్పినారు."

అతను ముడి వేశాడు. ముడి తోకను గోటితో గిల్లేశాడు. అప్పుడు నోరు తెరిచాడు.

"వస్తాండా."

మగ్గం మీద పాత పంచె కప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

*

వరదకు నెల ముందు హైదరాబాదు నుంచి ఒక సీరియల్ వాళ్ళు వచ్చారు. వారానికొక కథ. ప్రతి కథలోనూ వేరే లోకం నుంచి ఎవరో ఒకరు భూమి మీదికి దిగుతారు. ఆదోని కొండల్లో బండ మీద బండ నిలబడిన తీరు చూసి, ఇది భూమిలాగే లేదని వాళ్ళు సంబరపడ్డారు. ఆ ఒక్క వారం కథకు ఇక్కడి మనుషులను ముగ్గురిని తీసుకున్నారు. చుక్కల లోకం నుంచి దిగే ఆడమనిషి వేషం కృష్ణకుమారికి. ఆమె ఆదోనిలో పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. పోలీసు వేషం ఎమ్మిగనూరు బస్టాండులో టీ అమ్మే గోవిందన్నకు. చుక్కల మనిషి మొదట చూసే భూలోకపు మనిషి ఒక నేతగాడు. అది పుల్లయ్యకు.

కాళ్ళు పెట్టుకునే గుంట లేకుండా మగ్గం ఎట్లా ఉంటుందని పుల్లయ్య పట్టుబట్టాడు. ఎవరికీ కనబడదు కదా అన్నారు వాళ్ళు. తన కాళ్ళకు కనబడుతుంది అన్నాడు. బండల సందున మట్టి ఉన్నచోట గుంట తవ్వడానికి సగం రోజు పట్టింది. డైరెక్టరు గొడుగు కింద కూర్చుని గడియారం చూసుకున్నాడు. మగ్గం మీద ఉన్నది వెండిజరీ శాలువా. కథ చివర చుక్కల మనిషి కప్పుకుని పోవలసింది. మూరెడు నేత మిగిలి ఉంది.

కెమెరా తిరుగుతున్నప్పుడు పోగు తెగింది.

వేరేవాళ్ళయితే నేసినట్టు చేతులాడించి ఉండేవాళ్ళు. పుల్లయ్య మగ్గం ఆపేశాడు. డైరెక్టరు అరుస్తున్నాడు. పుల్లయ్య ఒక కొస పళ్ళతో పట్టుకుని రెండోది వెతుకుతున్నాడు. అప్పుడు ముఖానికి, చేతులకు వెండిరంగు పూసుకున్న కృష్ణకుమారి వేషంలోనే ముందుకు వంగింది. అతని పళ్ళ మధ్య నుంచి ఆ కొసను రెండు వేళ్ళతో తీసుకుని పట్టుకుంది. అతను ముడి వేసేదాకా కదలలేదు. డైరెక్టరు అరవడం మానేశాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

అది టీవీలో వచ్చిన వారమే వరద వచ్చింది. కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్ళన్నీ చీకట్లో ఉన్నాయి. నందవరంలో బడిలో తలదాచుకున్నవాళ్ళకు అన్నం మోసే పనిలో ఉన్నాడు పుల్లయ్య. ఎవరూ చూడలేదు. ఏడాది తిరగకుండానే ఆ టీవీ మూతపడింది.

పోగు పట్టుకున్న ముక్కను ఉంచారా, తీసేశారా? పదహారేళ్ళుగా పుల్లయ్య మనసులో ఉన్నది ఆ ఒక్క మాటే. ఎవరినీ అడగలేదు. కృష్ణకుమారిని కలిసింది ఆరేడుసార్లు ఉంటుంది. ప్రతిసారీ ఆమె "దొరికిందా అప్పా?" అనేది. అతను "లేదు" అనేవాడు. ఎవరికి దొరికినా ఇద్దరం కలిసే చూడాలి అని మాట అనుకున్నారు.

*

బస్టాండులో గోవిందన్న బంకు గోడ మీద ఖాకీ చొక్కా ఫొటో పొగకు నల్లబడింది. ఆ వేషం వేసినప్పటి నుంచి ఊరంతా అతన్ని ఎస్సై అనే పిలుస్తుంది.

"ఏం సార్, ఇస్త్రీ చొక్కా ఏసినావు! యాడికి, హీరోయిన్ను సూడనీకా?"

"దొరికిందంట."

గోవిందన్న చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. "మనదా? నేనుండానా దాంట్లో?"

"సూడాల ఇంగ."

"ఉంటే ఫోను సెయ్యన్నా. పదహారేండ్లుగా ఎస్సై ఎస్సై అంటాండారు, ఒక సాచ్చెమన్నా లేదు నా దగ్గర."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు పుల్లయ్య. రెండు పక్కలా పత్తి చేలు. అతనికి ఆ సీరియల్ తర్వాత ఒక్కసారి హైదరాబాదు నుంచి కబురు వచ్చింది, శవం వేషానికి. మగ్గం మీద చీర సగంలో ఉంది, రాలేనన్నాడు. పిల్లలు కొన్నాళ్ళు టీవీ తాత అన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై మరిచిపోయారు.

కృష్ణకుమారి మాత్రం వెళ్ళింది. వెండి ముఖం ఫొటో సంచిలో పెట్టుకుని మూడేళ్ళు హైదరాబాదులో ఉంది. పెళ్ళి సీనులో పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆస్పత్రి సీనులో పక్క మంచం మీద పడుకుంది. మాట ఉన్న వేషం ఒక్కటీ రాలేదు. తిరిగి వచ్చేసరికి ఇక్కడ నాటకాలు ఆడించేవాళ్ళు తగ్గిపోయారు. కిరీటాలు, గదలు బడిపిల్లల వేషాలకు అద్దెకిచ్చుకుంటూ, చెల్లెలి కూతురు మంజును పెంచుకుంటూ బతికింది. పోయిన ఏడు గొంతులో గడ్డ లేచింది.

*

ఇల్లు జిన్నింగు మిల్లు వెనక సందులో. దూది నుసి గడప మీద తెల్లగా పేరుకుంది. మంచం మీద కృష్ణకుమారి, మనిషి ఇంతేనా అన్నట్టుగా చిక్కిపోయి ఉంది. కనుబొమలు మాత్రం ఆ రోజుల్లోలాగే దిద్దుకుంది.

"వస్తివా అప్పా." గొంతు గాలిలా వచ్చింది. "ముందుపండ్లు యాడ పోగొట్టుకుంటివి?"

"మగ్గంలో."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. మంజు తల ఎత్తి నీళ్ళు పట్టించి, ఫోనును చెంబుకు ఆనించి పెట్టింది.

బొమ్మ మసకగా ఉంది. ఆకాశం నుంచి ఒక పళ్ళెం దిగింది. బండల మధ్య నుంచి వెండి మనిషి నడిచి వచ్చింది. మెడ నిటారుగా పెట్టి రాణిలాగే నడిచింది.

"ఎంత బాగుండానో సూడే మంజూ," అంది కృష్ణకుమారి. అంతలో వెండి మనిషి మాట్లాడింది. అది ఎవరో పట్నం అమ్మాయి గొంతు. కృష్ణకుమారి తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది కూడా నాది కాదా!"

పోలీసు పరుగెత్తాడు. వీపు మాత్రమే కనబడింది.

మగ్గం వచ్చింది. పుల్లయ్య ముందుకు వంగాడు. నల్లజుట్టుతో ఒక మనిషి నేస్తున్నాడు. తల ఎత్తి, "ఎవరు నువ్వు? ఎక్కడి నుంచి వచ్చావు?" అన్నాడు, వార్తలు చదివేవాడిలా.

"నీకు పట్నం మాట వచ్చిందప్పా!"

పుల్లయ్య వినలేదు. నాడె వైపే చూస్తున్నాడు. అటు పోయింది, ఇటు వచ్చింది. ఇప్పుడు తెగాలి. తెరమీద ఒక డేగ ఎగిరింది. తర్వాత వెండి మనిషి శాలువా కప్పుకుని కొండెక్కుతోంది.

"ఎనక్కి తిప్పు," అన్నాడు.

మంజు తిప్పింది. నాడె, డేగ, శాలువా. ఇంకోసారి తిప్పింది. నాడె, డేగ, శాలువా.

"ఏం కావాల తాతా? యాడ ఆపల్ల?"

పుల్లయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కృష్ణకుమారి కళ్ళు మూసుకుంది.

"తీసేసినారు," అంది.

అయితే ఆమె కూడా దానికోసమే చూసింది. అది అతనికి అప్పుడు తెలిసింది.

కాసేపటికి ఆమె వేలు ఎత్తి ట్రంకుపెట్టె చూపించింది. మంజు కిరీటాలు, పూసల దండలు పక్కకు తీసి అడుగు నుంచి ఆనాటి వెండిజరీ శాలువా తెచ్చి పుల్లయ్య ఒడిలో పెట్టింది. జరీ నల్లబడింది. అతను దాన్ని తిరగేశాడు. కళ్ళు గోడ మీద పెట్టి, బొటనవేలితో అంచు నుంచి తడుముకుంటూ పోయాడు. చివరి మూరలో వేలు ఆగింది.

"ఈడ ఉండాది."

గుడ్డ వెనకపక్క, నువ్వుగింజంత ముడి. తోక అలాగే ఉంది. ఆ రోజు తొందరలో గిల్లకుండానే కోసి ఇచ్చేశాడు. యాభై ఏళ్ళ అలవాటు, గోరు దానంతటదే ముడి తోక మీదికి పోయింది.

"ఏయ్! గోరు తియ్యి!" కృష్ణకుమారి లేవబోయింది. "వాండ్లు ఆడ తీసేసినారు. నువ్వు ఈడ తీసేస్తావా?"

అతను గోరు తీశాడు. ఆమె చెయ్యి చాపింది. అతను ఆ ముడి ఉన్నచోటు ఆమె వేళ్ళ కింద పెట్టాడు. ఆమె రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఆ పొద్దు నాకు నవ్వొచ్చింది అప్పా. నోట్లో పోగు పెట్టుకొని దిక్కులు సూస్తాంటివి. అందుకే పట్టుకుంటి."

"అంతేనా?"

"అంతే." ముడిని వేలితో ఒకసారి ఒత్తింది. "అంతే కాదులే."

పుల్లయ్యకు చెప్పవలసిన మాట ఒకటి గొంతుదాకా వచ్చింది. అంబమ్మ పోయినాక తన రెండో కొస పట్టుకున్న చెయ్యి అదొక్కటేనని. మాటలు కూడబలుక్కునేలోపు ఆమెకు కునుకు పట్టింది. ముడి వేళ్ళ మధ్యనే ఉంది. బస్సు వేళ వరకు కూర్చుని, లేచి వచ్చేశాడు.

ఎమ్మిగనూరులో దిగగానే గోవిందన్న బంకులోంచి కేకేశాడు. "ఉండానా అన్నా?"

"ఉండావు."

"మొగం?"

"వీపు."

గోవిందన్న గ్లాసు నింపాడు. "వీపైనా నాదే గదా," అని టీ చేతిలో పెట్టాడు.

*

మరునాడు ఆరింటికి పుల్లయ్య మగ్గం మీది పంచె తీస్తుండగా ఫోను వచ్చింది. మంజు ఏడవలేదు. తెల్లారి నీళ్ళు పట్టించబోతే తెలిసిందని మెల్లగా చెప్పింది. అతను పంచెను మళ్ళీ మగ్గం మీద కప్పి మొదటి బస్సు ఎక్కాడు.

సందులో నలుగురు ఆడవాళ్ళు, నాటకాల హార్మోనియం వాయించే ముసలాయన ఉన్నారు. కొత్తగుడ్డ కప్పడానికి తీశారు. పుల్లయ్య దాన్ని పక్కన పెట్టి, శాలువా అడిగి తీసుకున్నాడు. రెండు చేతులతో దులిపి, ఒక్కసారి అంచులు సరిచూసి, ఏ నేతగాడూ చెయ్యని పని చేశాడు. తిరగేసి కప్పాడు.

"పెద్దాయనా, మంచిపక్క లోపలికి పోయింది," అంది ఒకామె.

"తెల్సు," అన్నాడు పుల్లయ్య.

గుడ్డ ముడతలు అరచేతితో సాపు చేశాడు. నల్లబడిన జరీ మధ్య, ఆమె కుడిచేతి వేళ్ళకు సరిగ్గా పైన, నువ్వుగింజంత ముడి, గిల్లని తోకతో.