తకేవో కాలు

తెలంగాణ నుంచి విడిపోయి వేరే రాష్ట్రం కావాలని ఆంధ్రలో ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. తిరువూరుకు బస్సులు రావడం మానేశాయి. సర్కారు ఆస్పత్రికి తాళం పడింది. ఉన్న ఒక్క ప్రైవేటు డాక్టరూ బెజవాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. సరిగ్గా అప్పుడే సరోజినీదేవి ఇంట్లో ఉంటున్న జపాను కుర్రవాడు మంచాన పడ్డాడు.

అతని పేరు తకేవో. వరిసాగులో కొత్త పద్ధతులు చూపించడానికి వచ్చి, వాళ్ళ మేడమీద గదిలో దిగాడు. కోసిన చేలో నడుస్తుంటే వరికొయ్య అరికాల్లో దిగింది. "పర్వాలేదండీ" అని, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ఒకటి అనేసి ఊరుకున్నాడు. తర్వాత పాదం పొంగింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది.

సరోజినీదేవి తనకు తెలిసినవన్నీ చేసింది. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళతో కడిగింది. వేపాకూ పసుపూ నూరి కట్టింది. మందులకొట్టువాడు దొడ్డిదారిన ఇచ్చిన బిళ్ళలకు జ్వరం కాసేపు దిగేది, మళ్ళీ ఎక్కేది.

ఆ ఉదయం తకేవో బాల్‌పెన్ను తీసి, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చీలమండ పైన గీత గీసుకున్నాడు. ఎందుకో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నం జావ తెచ్చేసరికి ఎరుపు ఆ గీత దాటి పిక్కమీదికి పాకింది. అతను గీతను చూపించి, వేలు పైకి కదిపి, ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గ్లాసు అక్కడే పెట్టేసింది.

గబగబా కిందికి దిగింది. భర్త జగన్నాథరావు వసారాలో ఉద్యమం కుర్రాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"ఏవండీ, విషం పైకెక్కుతోంది. పెనుబల్లి తీసుకెళ్దాం. అటు తెలంగాణలో ఆస్పత్రులన్నీ తీసే ఉన్నాయంట."

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళమంటావు? వాళ్ళతో కలిసి ఉండలేమనేగా మనం రోడ్డెక్కింది! ఆ రోడ్డుకి అడ్డంగా చెట్టు కొట్టించింది కూడా నేనే."

"సరే. మరి అతని తల్లికి ఏం చెబుతారు? బందు నడుస్తోంది, అందుకని మీవాడు పోయాడని చెబుతారా?"

జగన్నాథరావు లేచాడు. కండువా తలకు చుట్టి, పాలేరు ఏడుకొండల్ని బండి కట్టమన్నాడు. రోడ్డుమీది చెట్టును పక్కకు నెట్టడానికి తనే ముందు భుజం పెట్టాడు. వెంట వచ్చిన కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని, వాళ్ళూ చెయ్యి వేశారు.

బండిలో గడ్డిమీద పడుకున్న తకేవో తల సరోజినీదేవి ఒళ్ళో ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడు. పలవరింతలో ఒకే మాట పదేపదే అన్నాడు. అమ్మనే పిలుస్తున్నాడనుకుంది ఆమె. "ఇక్కడే ఉన్నా నాయనా" అంటూ దారి పొడుగునా తల నిమిరింది.

పెనుబల్లిలో అంతోనమ్మ అనే నర్సు చిన్న దవాఖానా నడుపుతోంది. కట్టు విప్పి చూసి మండిపడింది.

"ఇంత ముదిరేదాకా ఇంట్ల పెట్టుకుని కూర్చున్నరా? రాను దారి లేదా మీకు?"

"లేదమ్మా. మేమే లేకుండా చేసుకున్నాం" అన్నాడు జగన్నాథరావు తల దించుకుని.

ఆవిడ చీము తీసి, పెన్సిలిన్ సూది వేసింది. ఒక కాలివేలు మాత్రం అప్పటికే నల్లబడిపోయింది. ఖమ్మం నుంచి వచ్చిన డాక్టరు దాన్ని తీసేశాడు. కాలు దక్కింది.

జ్వరం విడిచిన పొద్దున తకేవో కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. జగన్నాథరావు ఆ ఊరివాళ్ళని అడిగి తెచ్చిన పాలచెంబుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆకలి" అన్నాడు తకేవో.

సరోజినీదేవి నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.