ఎర్రగౌను నిలవని రోజు

కొండమీది గుడిలో పండగ పండగకీ మరియమ్మకు గౌను మార్చే పని హెడ్వికాది. ఉపవాస దినాలకు ఊదా, ఈస్టరుకు తెలుపు, ఆ తర్వాత యాభయ్యో రోజున వచ్చే పెంతెకొస్తు పండక్కి ఎరుపు. బంగారు పూత పూసిన మెలికల స్తంభాల మధ్య నుంచి ఆ చిన్న చెక్క విగ్రహాన్ని చంటిపిల్లలా దింపి, ముందు నడుముకు టేపు చుట్టి చూస్తుంది. ఊళ్లో ఎవరైనా తిండి మానేస్తే మరియమ్మ చిక్కిపోతుంది మరి. హెడ్వికా వాళ్లమ్మ ఈ పని చేసిన కాలంలోనూ అంతే. టేపు వదులైతే హెడ్వికా కొండ దిగి, ఇల్లిల్లూ తిరిగి, పస్తున్న మనిషిని పట్టుకుని కడుపునిండా తినిపించి వస్తుంది.

ఉపవాసాల్లో మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఊరంతా నోరు కట్టుకుంటుంది, తల్లీ చిక్కుతుంది, ఈస్టరు విందులతో మళ్లీ ఒళ్లు చేస్తుంది. ఈ ఏడు ఒళ్లు చెయ్యలేదు. పోనీలే, నాలుగు రోజులు పోతే తేరుకుంటుందని హెడ్వికా తెల్లగౌనుకు పిన్నులు పెట్టి సరిపెట్టింది. అదీ ఆవిడ చేసిన తెలివితక్కువ పని.

పెంతెకొస్తు ముందురోజు ఎర్రగౌను తొడిగితే భుజాల మీంచి జారి కిందపడింది. కొండదారిలో అప్పుడే బ్యాండు మోత. యాత్రికులు వచ్చేస్తున్నారు.

"పిన్నులు పెట్టెయ్యమ్మా, ఎవరికీ కనిపించదు," అన్నారు ఇగ్నాట్స్ ఫాదర్, చేతులు నలుపుకుంటూ.

"పిన్నులు పెట్టే ఇంతదాకా తెచ్చాను ఫాదర్. ఇంకా పెడితే ఆ మనిషి పోతుంది."

"ఎవరా మనిషి?"

హెడ్వికా గౌను తీసి బల్లమీద పెట్టింది. ఊళ్లో అన్ని వంటిళ్లూ ఆవిడకు తెలుసు, అక్క ఓటిలీది తప్ప. అమ్మ పోయాక గౌన్ల పెట్టె తాళం పెద్దదానికి దక్కాల్సింది. చిన్నదాని కుట్టు బాగుందని అప్పటి ఫాదర్ ఈవిడకిచ్చాడు. ఆనాటినుంచి ఓటిలీ కొండెక్కలేదు, చెల్లెలి మొహం చూడలేదు. మొన్న చలికాలంలో ఓటిలీ మొగుడు పోయినప్పుడు హెడ్వికా వీధి చివరిదాకా వెళ్లి, పౌరుషం అడ్డొచ్చి తిరిగొచ్చేసింది.

ఇప్పుడు ఎదురొచ్చే యాత్రికులను తోసుకుంటూ దిగింది. ఇంట్లోంచి బంగాళదుంపల సూపు గిన్నె, రొట్టె పట్టుకుని అక్క తలుపు బాదింది.

"ఎవరూ?"

"నేనే అక్కా."

"దారి తప్పావేమో చూసుకో."

"మరియమ్మ ఒంటిమీద గౌను నిలవడంలేదే."

"నీ కుట్టు ఎప్పుడు కుదురుగా ఉంది గనక?"

"కుట్టు కాదు. నువ్వు తినడంలేదు."

లోపల గడియ కదిలింది. అక్క చేతులు పుల్లల్లా అయిపోయాయి. పొయ్యి చల్లగా ఉంది.

"ఒక్కదాని కోసం ఏం వెలిగిస్తాం," అంది ఓటిలీ. పోట్లాడే ఓపిక కూడా లేదు పాపం.

హెడ్వికా ఏడ్చేసింది. ఏడుస్తూనే పొయ్యి రాజేసి సూపు వేడిచేసింది.

ఓటిలీ రెండు చెంచాలు తాగి ఆగింది. "యాత్రికులు వచ్చేశారే. తల్లి దగ్గర ఎవరున్నారు?"

"ఫాదర్ తప్ప ఎవరూ లేరు. గౌను బల్లమీద ఉంది."

"తొడగలేదూ?"

"నిలవదుగా!"

"ఓసి సిగ్గుమాలినదానా! పండగపూట తల్లిని లోగౌనుతో నిలబెట్టి వచ్చావా?"

ఓటిలీ గిన్నె ఎత్తి మిగతాదంతా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని చెప్పుల కోసం వెతుక్కుంటూ, "ఆ రొట్టె ఇలా పడెయ్," అంది. "దారిలో తింటాను. నడు."