కోడలి మొక్కజొన్న

నాకు ముక్కుమీద కోపమని మా ఆవిడ కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. నిజమే. కానీ కిందటేడు కొక్కెర తెగులు వచ్చి, వారం తిరిగేసరికి మా రెండు కోళ్ల షెడ్లూ ఖాళీ అయినప్పుడు నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మెడలు మెలితిరిగి, నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకుని చచ్చిపోయిన కోళ్లను నా చేతులతోనే గోతిలో పెట్టాను. ఆ తర్వాత చాలా రోజులు నాకు గుడ్డు సయించలేదు.

కొత్త కోళ్లు రాగానే కోడలు ఓ కబురు తెచ్చింది. తను విత్తనాల ప్రయోగశాలలో పనిచేస్తుంది. మొక్కజొన్న జన్యువుల్లో మార్పు చేసి, గింజలోనే ఆ తెగులుకి టీకా తయారయ్యేలా చేశారట. కోడి మేత మేస్తే చాలు, సూది అక్కర్లేదు. ఆరేళ్ల పని. ఇప్పుడు మొక్కజొన్నకి డాక్టరు చదువు చెప్పించారా అని వెటకారం చేశాను గానీ, అనుమతుల కాగితాలన్నీ ముందు పెట్టేసరికి సంతకం చేశాను. మూడు వారాలు మేపాక కోళ్ల రక్తం పరీక్ష చేస్తారు. అందులో తెగులుని ఎదిరించే శక్తి కనబడకపోతే ఈ పని అటకెక్కినట్టే. ఆ మాట చెప్పేటప్పుడు తను నా మొహం చూడలేదు.

మొదటి షెడ్డు నాది, రెండోది మా ఆవిడది. ఒకరి షెడ్డులో ఒకరం వేలు పెట్టం. పెడితే ఆ పూట ఇంట్లో మాటలుండవు.

పరీక్ష ఫలితం వచ్చింది. మా ఆవిడ కోళ్లు భేషుగ్గా ఉన్నాయి. నా కోళ్లలో ఏమీ లేదు, సున్నా.

కోడలు వచ్చి మేత గదిలో బస్తా మీద కూలబడింది. ఒకచోట పనిచేసి ఒకచోట చెయ్యని విత్తనాన్ని ఎవరూ నమ్మరని, పొద్దున్నే పై అధికారి వచ్చి ప్రయోగం ఆపేస్తాడని చెప్పింది. తప్పు తనదేనంది. గింజలో ఎక్కడో తేడా చేసిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నా చూపు మూలనున్న గంగాళం మీద పడింది. కిందటేటి నుంచీ నాకో భయం పట్టుకుంది. నా కోళ్ల నోట్లోకి వెళ్లేది ఏదైనా ముందు మరగాల్సిందే. నీళ్లు మరిగిస్తాను, మేత ఉడకబెట్టి ఆరబోస్తాను. కోడలమ్మ మొక్కజొన్న అయితే మాత్రం మినహాయింపా?

"ఆ మందుకి వేడి తగిలితే ఏమవుతుంది?" అన్నాను, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"పోతుంది మామయ్యా. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిదవుతుందా? అయినా కోళ్ల మేత ఎవరు ఉడకబెడతారు?"

నలభై ఏళ్లుగా కోళ్ల గురించి నలుగురికీ పాఠాలు చెప్పినవాణ్ణి. తప్పయిందని ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో అసలే అనలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినకుండా లేచాను. సిగ్గేసింది.

పొద్దున్న అధికారి వచ్చాడు. లోపం విత్తనంలోనే ఉందని కోడలు మొదలుపెట్టింది. ఇక ఆగలేకపోయాను.

"లోపం విత్తనంలో లేదండీ. నేనే ఉడకబెట్టాను. మూడు వారాలూ."

కోడలు కోప్పడుతుందనుకున్నాను. తను గంగాళం దగ్గరికి వెళ్లి, అడుగున అంటుకున్న గింజను గోటితో గీరి చూసి, గోడకానుకుని నవ్వడం మొదలుపెట్టింది. అధికారి మాత్రం నవ్వలేదు. పచ్చిది పెడితే పనిచేసి, ఉడికితే చెయ్యలేదంటే, ఆ బలం గింజదేనని తేలినట్టుంది కదా అన్నాడు. నా షెడ్డుకి మరో మూడు వారాలు గడువిచ్చాడు.

ఆ మూడు వారాలూ నా చేతులు పొయ్యివైపే లాగాయి. పచ్చిమేత వేస్తూ ప్రతి పూటా భయపడ్డాను. రెండోసారి రక్తం పరీక్ష ఫలితం రాకముందే, నాలుగో వారంలో పక్క ఫారంలో తెగులు దిగింది. వాళ్ల కోళ్లు సగానికి సగం పోయాయి. నేను రోజూ షెడ్డు తలుపు దగ్గర కాసేపు నిలబడి, కూతలు విన్నాకే లోపలికి వెళ్లేవాణ్ణి. రెండు కోళ్లు మేత మానేసి ముడుచుకున్నాయి. మూడోనాటికి లేచి వచ్చి, మిగతావాటిని తోసుకుంటూ తిన్నాయి. మేత డబ్బా పట్టుకునే ఏడ్చేశాను.

మొన్న కోడలు కొత్త బస్తా తెచ్చింది. దానిమీద అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో ఉంది: "ఉడకబెట్టకండి."

"ఈ మాట మీరిచ్చిందే మామయ్యా," అంది.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, కింద ఈయన పేరు కూడా వేయించాల్సింది అంది.