ఇంకో గ్లాసు బియ్యం

పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర కాకి అరిచిందంటే అన్నపూర్ణేశ్వరి బియ్యం డబ్బా మళ్ళీ తెరిచేది. ఇద్దరికి సరిపడా పోసిన గిన్నెలో ఇంకో గ్లాసు పడేది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని ఆవిడ నమ్మకం. ఘాజియాబాద్‌లో ఆ మూడో అంతస్తు ఫ్లాటుకి రావలసిన చుట్టం ఒక్కతే, ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉండే సొంత అక్క లక్ష్మీకుమారి. ఆవిడ రాదు. రాకపోవడానికి కారణం అన్నపూర్ణేశ్వరి భర్త రంగనాథే.

ఆ కారణం వింటే నవ్వొస్తుంది. రెండేళ్ళ కిందట, ఢిల్లీ తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో, లక్ష్మీకుమారి మొగుడు మల్లికార్జున, "మా తోడల్లుడి డిపార్ట్‌మెంట్లో ఫైళ్ళకన్నా టీ గ్లాసులే ఎక్కువ కదులుతాయి" అన్నాడు. పంక్తి పంక్తంతా గొల్లుమంది. రంగనాథ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. విస్తరి ముందునుంచి లేచి, "ఇంక నా గుమ్మం తొక్కకండి" అన్నాడు. ఆయన తొక్కలేదు. "మా ఆయన్ని రావద్దన్న ఇంటికి నేనెలా వస్తానే?" అని లక్ష్మీకుమారి ఫోన్లో ఏడ్చింది. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళకి ఫోనే దిక్కయింది. మగాళ్ళిద్దరివీ సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగాలే. ఫైలైనా ఎప్పుడో ఒకప్పుడు కదులుతుంది గానీ వాళ్ళ పంతం కదల్లేదు.

సెలవురోజున కాకి అరిస్తే రంగనాథ్‌కి పేపరు మీద దృష్టి నిలిచేది కాదు. బియ్యం పడ్డ చప్పుడు వినాలి. ఆ తర్వాత లిఫ్టు తలుపు పడ్డప్పుడల్లా భార్య కళ్ళు గుమ్మం వైపు తిరగడం చూడాలి. ఆవిడ ఒక్క మాట అనదు. అంటే తిరిగి నాలుగు అనొచ్చు. అనని మనిషితో ఏం పోట్లాడతాడు? అందుకని కాకిమీద పడ్డాడు.

ఎదురింటి దశరథ్ దగ్గర గాలితుపాకి ఉంది. "లే జాయియే భాయీసాబ్. కానీ కౌవా చాలా చాలాక్. చూసుకోండి," అని నవ్వుతూ ఇచ్చాడు.

చాలాకే మరి, ఆ కాకి జిత్తులమారిదే. రంగనాథ్ చీపురు పట్టుకుని బాల్కనీలోకొస్తే కాకి మెడ వంచి చూస్తూ కూర్చునేది. తుపాకి పట్టుకుంటే రెక్క చప్పుడు కూడా ఉండేది కాదు, మాయం. తుపాకిని లుంగీలో చుట్టాడు. ఎగిరిపోయింది. లుంగీలో ఉత్త కర్ర చుట్టి వచ్చాడు. కదల్లేదు. ఒక ఆదివారం దశరథ్‌ని కూడా బాల్కనీలోకి తీసుకెళ్ళి, తను కూలర్ వెనక నక్కి, దశరథ్‌ని ఒక్కణ్ణే లోపలికి పంపాడు. ఇద్దరూ వెళ్ళిపోయారనుకుంటుందని ఆశ. కాకి ఎదుటి బ్లాకు నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని, రంగనాథ్ నడుం నొప్పెట్టి లేచేదాకా దిగలేదు.

తర్వాత ఒకరోజు జ్వరమొచ్చి ఇంట్లోనే పడుకున్నాడు. చేతిలో తుపాకి లేని మనిషిని కాకి లెక్కచెయ్యలేదు. కిటికీ మీద వాలి గొంతు చించుకుంది. గిన్నెలో బియ్యం పడ్డ మరుక్షణం నోరు మూసుకుని ఎగిరిపోయింది. మధ్యాహ్నం పిలవకుండానే వచ్చి, బాల్కనీ పిట్టగోడమీద బుద్ధిగా కూర్చుంది. అన్నపూర్ణేశ్వరి అంతదాకా ఎదురుచూసి చూసి, ఎవరూ తినని ఆ అన్నం తెచ్చి దాని ముందు పెట్టింది. దుప్పట్లోంచి చూస్తున్న రంగనాథ్‌కి అప్పుడు తట్టింది. ఇది చుట్టాల కబురు చెప్పడం లేదు. తన భోజనం తను వండించుకుంటోంది.

ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. తన పెళ్ళాం ఎదురుచూపుల మీద ఒక పిట్ట బతుకుతోందా! మర్నాడు తెల్లారకముందే స్నానాలగది కిటికీలో తుపాకి పెట్టుకు కూర్చుని, వాలగానే పేల్చాడు. గుండు తగిలింది కింద రేకుల పందిరికి. కాకి ఒక్కసారి అతని వైపు చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గోడమీద వాలలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అన్నపూర్ణేశ్వరి ఇద్దరికే కొలిచి, డబ్బా మూత పెట్టేసేది. లిఫ్టు తలుపు పడినా తలెత్తేది కాదు. రంగనాథ్ గెలిచాడు. ముద్ద మాత్రం దిగేది కాదు.

చివరికి ఉండబట్టలేక తను కనిపెట్టింది చెప్పేశాడు. "అది నిన్ను మోసం చేసిందే, అన్నపూర్ణా. తిండికోసం అరిచేది."

"తెలుసండీ," అంది ఆవిడ.

"తెలిసీ వండావా?"

"ఆ అన్నం ఉడుకుతున్నంతసేపూ అక్క దారిలో ఉన్నట్టుండేదండీ. బస్సెక్కింది, దిగింది, లిఫ్టు దగ్గరికొచ్చింది అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."

రంగనాథ్‌కి ఆదివారాల పేకాట గుర్తొచ్చింది. పచ్చడి ఇంకాస్త వెయ్యమని మల్లికార్జున చేసే గోల గుర్తొచ్చింది. తనకీ ఆ మనిషి కావాలి. రెండేళ్ళనుంచీ కావాలి. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఓ కాకి చాలనట్టు, తుపాకి కూడా కావలసొచ్చింది.

ఆదివారం పొద్దున చొక్కా వేసుకుని, స్కూటర్ తాళం చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇందాక కాకి అరిచింది," అన్నాడు.

"నాకు వినపడలేదే." ఆవిడ కిటికీ వైపు చూసింది. గోడ ఖాళీగా ఉంది.

"నేను విన్నాను. ఇంకో గ్లాసు పొయ్యి."

అన్నపూర్ణేశ్వరి చొక్కానీ తాళాన్నీ చూసింది. "ఎక్కడికండీ?"

"వసంత్ కుంజ్. ఒక్క గ్లాసేం సరిపోతుంది, రెండు పొయ్యి. మీ బావగారు కూడా వస్తారు. రానంటే కాళ్ళావేళ్ళా పడైనా తీసుకొస్తాను."

జవాబు కోసం ఆగలేదు, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు. కానీ రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. లోపల డబ్బా మూత తీసిన చప్పుడయింది. గిన్నెలో బియ్యం పడ్డ చప్పుడు ఒకసారి, మళ్ళీ ఒకసారి వినిపించాక గానీ అతను అక్కణ్ణుంచి కదల్లేదు.