రెండో బుగ్గ

సబ్బు కప్పులో బ్రష్షు తిప్పుతూ సైదులు తన కుడిచేతినే చూస్తున్నాడు. తిరగమంటే తిరుగుతోంది, ఆగమంటే ఆగుతోంది. ఎవరి చెయ్యో తెచ్చి తన భుజానికి కుట్టారా అన్నంత బుద్ధిగా ఉంది. నురగ పొంగి కప్పు అంచు దాటింది. పూయడానికి మాత్రం ఎదురుగా గడ్డం లేదు. జగ్గయ్యపేట బస్టాండు పక్క సందులో ఉన్న ఆ సెలూన్లో రెండు కుర్చీలు. ఒకదాంట్లో మేనల్లుడు శేషు ఎవరికో క్రాపు చేస్తున్నాడు, బల్ల మీద ఇంకా నలుగురు వాడికోసమే కాచుకుని ఉన్నారు. సైదులు కుర్చీ ఖాళీగా ఉంది.

సైదులుది ఒకసారి చూస్తే గుర్తుండే మొహం కాదు. పొట్టి మనిషి, ఆ మీదట జబ్బుతో చిక్కి సగమయ్యాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టులోంచి నెత్తికి రెండు పక్కలా కుట్ల గుర్తులు కనిపిస్తాయి. చొక్కా ఎడమ జేబుకి పైన, చర్మం కింద ఏదో దాచుకున్నట్టు ఎత్తుగా ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఆయన వేళ్లు వాటంతటవే ఆడడం మొదలుపెట్టాయి. తర్వాత భుజాలు, ఆ తర్వాత మొహం. వాళ్ల నాన్నకీ ఇదే ఉండేది. ఆయన్ని తాగుబోతన్నారు, పూనకమన్నారు, పోయేదాకా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. కొడుకు దగ్గరకొచ్చేసరికి డాక్టర్లు దానికి హంటింగ్టన్ జబ్బని పేరు చెప్పారు. మందులకు ఆట తగ్గకపోతే హైదరాబాదులో మెదడులోకి రెండు సన్నటి తీగలు దించి, కాలర్ ఎముక కింద అగ్గిపెట్టెంత యంత్రం అమర్చారు. అది రాత్రీ పగలూ తీగల గుండా కాస్త కాస్త కరెంటు పంపుతూ ఉంటుంది.

“ఈ జబ్బుకి ఇది అందరికీ చేసేది కాదు. చేతుల ఆట తగ్గుతుంది. జబ్బు మాత్రం ఆగదు, మతిమరుపు దీనికి లొంగదు,” అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చేతుల ఆట తగ్గుతుంది అన్నదాకా సైదులు విన్నాడు. మిగతాది పెళ్లాం ప్రమీలారాణి వింది.

ఆయనకి కావలసింది ఒక్కటే. మళ్లీ ఓ మనిషి తన కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, గొంతు తన కత్తికింద పెట్టాలి.

చూడ్డానికి వచ్చేవాళ్లకైతే కొదవ లేదు. పొద్దున్నే టీకొట్టు నవీన్‌బాబు గ్లాసు పట్టుకుని వచ్చి, జేబు దగ్గరి ఎత్తు మీదికి వంగాడు.

“బాబాయ్, దీనికి స్విచ్చెక్కడ?”

“లోపలేరా. రిమోటు ఇంట్లో పెట్టొచ్చా.”

“వాన్లో తడిస్తే షాక్ కొట్టదా?”

“నన్నా, నిన్నా?”

బల్ల మీదవాళ్లు పగలబడి నవ్వారు. చిల్లకల్లు నుంచి వచ్చిన పెద్దాయనొకడు అడిగి మరీ ఆ ఎత్తుని వేలితో నొక్కి చూసి, లోపల ఏమన్నా మోగుతోందేమోనని చెవి కూడా ఆనించాడు. నవీన్‌బాబు ఎక్కడినుంచో ఓ బుడగ ఊది తెచ్చి, “దీనికి గియ్యి చూద్దాం,” అన్నాడు. సైదులు బుడగకి నురగ పూసి కత్తి ఆనించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. నురగంతా ఊడొచ్చింది గానీ బుడగ పేలలేదు. చప్పట్లు కొట్టారు.

“ఇంక నువ్వు కూచో మరి,” అన్నాడు సైదులు.

నవీన్‌బాబు గడ్డం తడుముకున్నాడు. “అమ్మో, పొయ్యి మీద పాలున్నాయి బాబాయ్,” అంటూ జారుకున్నాడు.

మధ్యాహ్నం నందిగామ బస్సు దిగి భావనారాయణ మాస్టారు వచ్చారు. ఊళ్లో హైస్కూల్లో పనిచేసినన్నాళ్లూ ఆయన గడ్డం సైదులు చేతికిందే ఉండేది. రిటైరయ్యాక నందిగామలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. యంత్రం గురించి ఒక్క ప్రశ్న వెయ్యకుండా, కండువా కొక్కేనికి తగిలించి ఖాళీ కుర్చీలో కూర్చున్నారు.

“ఏంరా, చూస్తావేం? నందిగామలో వాళ్లు గీకుతున్నారు. నువ్వు గియ్యి.”

“భయం లేదాండీ మాస్టారూ?”

“ఉంది. కానీయ్.”

సైదులు గుండె దడదడలాడింది, చెయ్యి మాత్రం వణకలేదు. ఇదేం విడ్డూరమని తనకే నవ్వొచ్చింది. మొహమంతా నురగ పూసి, లోపలికి పోయిన బుగ్గని వేలితో పైకి లాగిపట్టి, చెవి దగ్గర్నుంచి దవడ దాకా కత్తి దించాడు. గొంతు మీదికొచ్చాడు. మాస్టారు గుటక వేస్తే కత్తి దాంతోపాటే పైకెక్కి కిందికి దిగింది. తువ్వాలుతో ఒకసారి మొహమంతా తుడిచాడు. మళ్లీ నురగ పూసి రెండో బుగ్గ మొదలుపెట్టాడు. ఈ పక్క ఇంత మెత్తగా ఉందేమిటి, పాపం వయసు మీదపడింది అనుకున్నాడు.

పక్కన శేషు కత్తెర చప్పుడు ఆగిపోయింది. బల్ల మీద మాటలూ ఆగాయి. చూస్తున్నారు కాబోలు, చూడనీ అనుకున్నాడు. మాస్టారు మీద కప్పిన గుడ్డ కిందనుంచి చెయ్యి పైకెత్తి ఎవరినో వారిస్తున్నట్టు ఊపి, మళ్లీ దించేశారు.

పటిక రుద్దాడు. ఎక్కడా ఒక్క గాటు లేదు. ఈ క్షణాన చచ్చిపోయినా ఫర్వాలేదు అనిపించింది సైదులుకి.

“హాయిగా ఉందిరా,” అన్నారు మాస్టారు. కండువా తీసి దవడల చుట్టూ కప్పుకుని బయటికి నడిచారు. టీకొట్టు దగ్గర నవీన్‌బాబు గొంతు వినిపించింది.

“అదేంటి మాస్టారూ, ఎడం పక్క అట్టానే ఒదిలేశాడే!”

“నేనే ఒద్దన్నాలే. పన్ను వాచింది, చెయ్యి తగిల్తే ప్రాణం పోతోంది.”

సైదులు గుమ్మంలో నిలబడిపోయాడు. మాస్టారి నోట్లో వాచడానికి ఒక్క పన్ను లేదు. ఆ సంగతి ఆ బుగ్గలు లాగిపట్టినవాడికి తెలియదా? గీసిన బుగ్గనే రెండోసారి గీశాడు. డాక్టరమ్మ మాటల్లో ఆరోజు వదిలేసిన సగం ఇప్పుడు చెవిన పడింది. చెయ్యి చెప్పినట్టు వింటోంది, చెప్పేవాడే దారి తప్పుతున్నాడు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. బస్సులో అందరిముందూ సగం గడ్డంతో నందిగామ దాకా పోబోతున్న ఆ మనిషిని తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

కాసేపటికి లోపలికొచ్చి, కుర్చీ మీది వెంట్రుకలు దులిపాడు.

“శేషూ, రేపట్నుంచి ఇందులో కూడా నువ్వే కూచోబెట్టుకో.”

“అదేం మాట మామయ్యా! ఏదో పొరపాటున...”

“వెనక్కి వాల్చేటప్పుడు మీట గట్టిగా నొక్కిపట్టు. లేకపోతే జారుద్ది.”

చెప్పులు తొడుక్కుని ఇంటిదారి పట్టాడు. చేతులు రెండూ బుద్ధిగా పక్కన వేలాడుతున్నాయి. సందు మలుపులో ఎవరూ ఆయన్ని తాగుబోతనుకోలేదు, అసలు తలతిప్పి చూడనేలేదు.

ఓ గడ్డానికి సగం బ్లేడు చాలు. మాస్టారి కోసం విరిచిన బ్లేడులో రెండో సగాన్ని, తర్వాత వచ్చే మనిషికని సైదులు కాగితంలో మడిచిపెట్టాడు. అది అద్దం ముందు చెక్క మీద అలాగే ఉంది.