డ్రైవరు బరువు

పదకొండేళ్లుగా ఆ కారుకి ఆమె చేస్తూ వచ్చిన సేవ ఒక్కటే, దాని మీద కప్పిన బెడ్‌షీటు ఉతకడం.

కారు శ్రీవారిది. యాభై ఏళ్ల కిందటి పందెం కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, పక్కన నిలబడితే మనిషి నడుం దాకా వస్తుంది. మొత్తం కలిపి ఐదువందల నలభై కిలోలు. "తేలిగ్గా ఉండటమే దీని గొప్పతనం" అని ఎనభై తొమ్మిది కిలోల శ్రీవారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. చెప్పేటప్పుడు బెడ్‌షీటు ఓ మూల కాస్త ఎత్తి చూపించేవారు, ఆస్పత్రిలో పేషెంటుని చూపించినట్టు.

కొన్న కొత్తలో ఓ ఆదివారం పొద్దున ఆయన ఉత్సాహంగా ఇంజను విప్పారు. ఇంతలో భోజనాల వేళయింది. మళ్లీ బిగించే ఆదివారం ఇంతవరకూ రాలేదు. విప్పిన నట్లూ బోల్టులూ స్నానాల బకెట్లో పడి ఉండేవి. బకెట్టు పోయిందని అత్తగారు నెల రోజులు సాధించారు. కొడుకుని కాదు, కోడల్ని.

ఆమె కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అసిస్టెంటు. ఇరవై ఏళ్లుగా అక్కడ అందరికీ ఆమె ల్యాబమ్మ. త్రాసుల ముళ్లు సున్నాకి తేవడం, స్ప్రింగులు సరిచూడడం, తెగిన తీగలు అతకడం ఆమె పని. ప్రయోగం కుదిరితే అది లెక్చరరు గారి ప్రతిభ. కుదరకపోతే "ల్యాబమ్మా, ఏం పెట్టావమ్మా ఇక్కడ?" ఇంటికొచ్చాక కూడా అదే సిలబసు. కూర బాగుంటే కూరగాయలు మంచివి తెచ్చాననేవారు శ్రీవారు.

ఓ వేసవి సెలవుల్లో ఆ బకెట్టు చూడలేక, బోల్టులన్నీ కిరసనాయిల్లో కడిగి, ఖాళీ జాం సీసాల్లో సర్ది, చీటీలు అంటించింది. అదే ఆమె చేసిన పొరపాటు. సర్దితే ఏది ఎక్కడిదో తెలుస్తుంది. తెలిశాక ఊరుకోబుద్ధి కాదు.

రెండున్నరేళ్లు పట్టింది. పొద్దున వంట, తర్వాత కాలేజీ, సాయంత్రం మళ్లీ వంట, ఈ మధ్యలో ఎక్కడ అరగంట దొరికితే అక్కడ కారు. తుప్పు పట్టిన నేల రేకు కోసి కొత్తది రివెట్లు కొట్టి బిగించింది. బ్రేకు గొట్టాలు వంచడం నేర్చుకుంది. ఓసారి చెయ్యి కాలితే "చెప్పానా, ఇవి ఆడవాళ్ల పనులు కావని!" అన్నారు శ్రీవారు, ఎప్పుడూ చెప్పకపోయినా. స్నేహితులొస్తే మాత్రం "నేనే దగ్గరుండి చూసుకుంటున్నా" అనేవారు. అబద్ధం కాదు. టీవీ గదికీ షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పట్టించే కార్బొరేటర్లు ఆ కారుకి రెండు. ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లలాంటివి అవి. ఒకటి గట్టిగా గాలి పీలిస్తే రెండోది దగ్గుతుంది, ఇంజను మొత్తం వణుకుతుంది, పైనుంచి చూసేవాళ్లు మాత్రం పెట్రోలు బాగాలేదంటారు. అర గజం రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో, రెండో కొస కార్బొరేటరు మూతి దగ్గర పెట్టుకుని, మొదటిది ఎంత బుస కొడుతోందో విని, రెండోదాని స్క్రూ ఆవగింజంత తిప్పి, మళ్లీ వినేది. ఆ చెవి ఆమెకి ఎక్కడిది? పక్కగదిలో ఉండగానే పాలు పొంగబోతున్నాయని తెలిసే చెవి అది. గేటు తీసిన చప్పుడుని బట్టి ఈ పూట ఆఫీసులో ఎవరు ఎవర్ని తిట్టారో తెలిసే చెవి. ఇన్నేళ్లూ ఇతరుల మూడ్లు వినడానికి అరగదీసిన చెవిని మొదటిసారి తనకి ఇష్టమైన చప్పుడు కోసం వాడుకుంది. నాలుగో రోజు సాయంత్రం రెండూ ఒకే శ్రుతిలో బుసకొట్టాయి. ఇంజను గొంతు సవరించుకుని, ఇక పాడతాను అన్నట్టు సాఫీగా తిరిగింది. ఆమె చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, బానెట్ మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది. ఇది నేను చేశాను అనుకుంది. పైకి అనడానికి అలవాటు లేక నోరు కాస్త తిరగలేదు.

ఆ రోజునుంచీ ఆమెకి ఒకటే కోరిక. పాత కార్ల క్లబ్బువాళ్లు ఏటా పెట్టే కొండెక్కే పోటీలో, నాలుగు కిలోమీటర్ల ఆ మెలికల దారిలో, ఒక్కసారి ఈ బండి తను నడపాలి. భోజనాల దగ్గర అడిగింది.

"నువ్వా?" శ్రీవారి ముద్ద చేతిలోనే ఆగింది. "ఇదేమన్నా కూరగాయల మార్కెట్టుకి పోయే బండి అనుకున్నావా? క్లచ్చు కాల్చేస్తావు."

అత్తగారిని వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్లేది ఆమే, ఇంట్లో ఉన్న మామూలు కారులో. ఆస్పత్రికైతే ఆడవాళ్ల డ్రైవింగు భద్రం. సరదాకైతే ప్రమాదం.

ఆమె మర్నాడే క్లబ్బుకి వెళ్లింది. పోటీ ఫారం తెచ్చి నింపింది. ఆ ఇంట్లో ఫారాలన్నీ నింపేది ఆమే, చదవకుండా సంతకం పెట్టేది ఆయన.

ఇక చివరి పని మిగిలింది. అంత తేలిక బండికి నాలుగు చక్రాల మీదా బరువు సరిగ్గా పంచకపోతే మలుపులో మొగ్గుతుంది. అందుకు చక్రానికో తూకం మిషను కావాలి. మనుషులు బరువు చూసుకునే మిషన్లు వీధిలో నాలుగిళ్లలో అడిగి తెచ్చి, చక్రాల కింద పెట్టింది. డ్రైవరు సీట్లో కూడా డ్రైవరంత బరువు ఉంచాలి. శ్రీవారు తెప్పించి, విప్పకుండా దాచుకున్న కార్ల పత్రికల కట్టలు ఇన్నాళ్లకి పనికొచ్చాయి. తూచి తూచి సీట్లో పేర్చింది.

ఎంత చూసినా వెనక ఎడమ చక్రం నాలుగు కిలోలు తక్కువ చూపిస్తోంది. స్ప్రింగు కింద నట్టు తిప్పీ తిప్పీ ఓ ఆదివారం గడిచిపోయింది. చివరికి అనుమానం వచ్చి, మిషన్లు బయటికి లాగి, తనే ఒక్కోదాని మీదా ఎక్కి నిలబడింది. మూడు యాభై ఎనిమిది అన్నాయి. పక్కింటావిడది మాత్రం యాభై నాలుగంది.

ముల్లు సరిచేసి వాడుకుని, తిరిగి ఇచ్చేముందు మళ్లీ నాలుగు కిలోలు వెనక్కి తిప్పింది. పక్కింటావిడ మిషను అందుకుంటూ గొంతు తగ్గించి "ముల్లు ఏమీ కదల్లేదు కదా?" అంది.

"ఎక్కడుండాలో అక్కడే ఉందండీ" అంది ఆమె. త్రాసులు సరిచేయడం తన వృత్తే గాని, అడక్కుండా ఎవరింటి త్రాసూ సరిచేయకూడదు.

అత్తగారు షెడ్డులోకి తొంగిచూశారు. "పత్రికలు ఇంకా రెండు కట్టలు మిగిలాయేమే?"

"వాటితో పని లేదత్తయ్యా. డ్రైవరు బరువు సరిపోయింది."

అత్తగారు మిగిలిన కట్టల వంక చూశారు. సీటు వంక చూశారు. కోడలి వంక చూశారు. "ఊఁ" అని, మోకాలు పట్టుకుని వెళ్లిపోయారు.

పోటీనాడు శ్రీవారు తోలు గ్లోవ్సులూ, నల్ల కళ్లద్దాలూ కొత్తవి కొనుక్కుని వచ్చారు. అత్తగారికి ఓ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ట్రక్కు మీంచి దింపిన బండి చుట్టూ జనం మూగారు. ఆమె బెడ్‌షీటు లాగి పక్కన పడేసింది.

"రెండున్నరేళ్లండీ! నిద్రాహారాలు మానేసి..." అంటున్నారు శ్రీవారు. నిజమే, ఆ రెండున్నరేళ్లలో ఓ రోజు భోజనం అరగంట ఆలస్యమైంది. "కార్బొరేటర్లు చూశారూ, చెవితో వినే సరిచేయాలి. అందరివల్లా కాదు."

ఆమె వింటూ నిలబడింది. ఆ చివరి మాట మాత్రం ఆమెకీ నచ్చింది.

క్లబ్బు ప్రెసిడెంటు ఫారాల అట్ట పట్టుకుని తనిఖీకి వచ్చాడు. పద్ధతి సులువు. డ్రైవరు సీట్లో కూర్చున్నాక, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. శ్రీవారు హుందాగా వెళ్లి కూర్చున్నారు. బండి ఆ పక్కకి ఒరిగింది. ప్రెసిడెంటు వంగి చూశాడు. రెండు వేళ్లు కాదు, చిటికెన వేలు కూడా దూరలేదు.

"మలుపులో టైరు రాసుకుంటుంది సార్. ఇలా పంపలేను."

శ్రీవారి ముఖం ఎర్రబడింది. భార్య వైపు తిరిగి, నలుగురూ వినేలా "ఇదేనా నువ్వు చేసిన పని? మొత్తం నీకు వదిలేశాను చూడు, నాది బుద్ధి తక్కువ!" అన్నారు.

ఆ పని ఆమెదని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. చుట్టూ సాక్షులు కూడా ఉన్నారు.

ప్రెసిడెంటు ఆమె వైపు తిరిగాడు. "మీరు చేశారామ్మా? సీట్లో ఎంత బరువు పెట్టి చేశారు?"

"యాభై ఎనిమిది."

ప్రెసిడెంటు శ్రీవారిని పైనుంచి కిందికీ, మళ్లీ మధ్య దాకా చూశాడు. "ఈయన యాభై ఎనిమిదా?"

"కాదండీ. నేను."

ప్రెసిడెంటు అట్టలో ఫారం తిరగేశాడు. "అవును, డ్రైవరుగా మీ పేరే ఉంది. ఓనరుగా సారు సంతకం కూడా ఉంది."

ప్లాస్టిక్ కుర్చీలోంచి అత్తగారు అన్నారు. "చదవకుండా సంతకాలు పెట్టకురా అని చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాను. దిగు నాయనా, వెనక బళ్లు ఆగిపోయాయి."

శ్రీవారు దిగారు. బండి పైకి లేచింది. ఆమె కొంగు బిగించి లోపల కూర్చుంటే అంగుళం కూడా అటూ ఇటూ ఒరగలేదు. ప్రెసిడెంటు నాలుగు చక్రాల దగ్గరా రెండేసి వేళ్లు పెట్టి చూసి, దారి వదిలాడు. ఆమె తాళం తిప్పింది. రెండు కార్బొరేటర్లూ ఒక్క గొంతుతో అందుకున్నాయి.

"ఏమండీ" అంది ఆమె, ఇంజను చప్పుడులో కూడా వినబడేలా. ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా పిలవడం ఆయన వినలేదు. "నేను వచ్చేసరికి ఆ బెడ్‌షీటు మడతపెట్టి ఉంచండి."